తొమ్మిదో కుర్చీ దీపం

రోజు 209. సమావేశం: 9 నిమిషాల 40 సెకన్లు.

సమావేశాలు నడిపేవాళ్లంతా ఇకమీదట రోజూ ఆత్మసమీక్ష రాసుకోవాలట. అదీ చేత్తోనట. హెడ్డాఫీసు కొత్త హుకుం. సముద్రం అడుగున, కాగితం చెమ్మెక్కి మెత్తబడిపోయే చోట చేత్తో రాయడమేమిటో ఆ మహానుభావులకే తెలియాలి. సరే, రాస్తాను. పని చేయలేదని వేలెత్తి చూపించుకునే రకం కాదు నేను.

నా పేరు కామేశ్వరి. ఈ కేంద్రంలో పదకొండుమందిమి ఉన్నాం. మిగతా పదిమందీ సముద్రం కిందున్న రాతిలో సొరంగాలు తవ్వి, అందులో దాగిన మంచినీటి ఊటలు పట్టి, పైనున్న ఊళ్లకు పంపుతారు. నేను తవ్వను, పంపను. వాళ్ల మాటలు తగ్గిస్తాను. నేను దిగిన రోజున పొద్దుటి సమావేశం గంటా నలభై నిమిషాలు సాగింది. అందులో సగం ఉప్పుచేప కూర మీదే. ఇప్పుడు పది నిమిషాలు దాటనివ్వను. చేతిలో చిన్న గంట ఉంటుంది. వెనకాల నన్ను గంట మేడమ్ అంటారని తెలుసు. అననీ.

మా బల్ల తెలివైనది. ఒక్కొక్కళ్ల ముందూ ఒక దీపం ఉంటుంది. చొక్కా మెడకు పెట్టుకునే గుండీ, మనిషి మాట్లాడబోయే ముందు తీసుకునే ఊపిరిని పసిగట్టి ఆ దీపం వెలిగిస్తుంది. అప్పుడు నేను ఆ కుర్చీ మీట నొక్కుతాను. నొక్కితేనే వాళ్ల మాట బల్లలోంచి వినపడుతుంది. మూడు సెకన్లలో మాట రాకపోతే వంతు పోయినట్టే. బల్ల మీద మేం అనేవి మాత్రం ఎవరు ఏ సొరంగంలో ఉన్నా గుండీలోంచి వినపడతాయి. ఒకరి మాట మీద ఇంకొకరు పడటం ఆ దెబ్బతో ఆగిపోయింది.

రోజు 211. సమావేశం: 9 నిమిషాల 15 సెకన్లు.

ఇంకా తగ్గేదే. తొమ్మిదో కుర్చీ వల్ల తగ్గలేదు.

తొమ్మిదో కుర్చీ వరహాలు గారిది. నాలుగో సొరంగం తవ్వేది ఆయనే. బంగారం లాంటి మనిషి, కానీ పేరడిగినా చెప్పేలోపు అట్టు వేసి తిరగేయొచ్చు. ఊపిరి తీసుకుంటారు, దీపం వెలుగుతుంది, అందరం ఆయన వైపు చూస్తాం. ఏమీ రాదు. ఐదు, ఆరు సెకన్లకు మాట బయల్దేరుతుంది. ఆపాటికి నేను గంట కొట్టేసి ఉంటాను.

ఈరోజు సమావేశం అయ్యాక పక్కకు పిలిచి నచ్చజెప్పాను. “ఏం చెప్పాలో ముందే అనుకుని కూర్చోండి వరహాలు గారూ. అందరి టైమూ పోతోంది కదా.”

ఆయన నేల చూస్తూ నిలబడ్డారు. నేను గోడ గడియారం చూశాను. చివరికి అన్నారు: “మాట లోపల ఉంటాది మేడమ్. బయటికి దారెతుక్కోడానికి దానికి కుసింత టైం గావాల.”

వంటమనిషి మరిడమ్మ పప్పుగిన్నె దించుతూ, “ఆయన్ని సెప్పనిస్తే మంచి మాటలే సెప్తాడు. మీరు సెప్పనిస్తే కదా!” అని నా మీదకే వచ్చింది. గంట కొట్టి పంపించేశాను.

రోజు 214. అత్యవసర సమావేశం: 4 నిమిషాల 11 సెకన్లు.

రాయాలని లేదు. అయినా రాస్తాను.

పొద్దున్న పదిన్నరకి నాలుగో సొరంగంలో రాయి పగిలింది. లోపల ఊట నీరు విరుచుకుపడింది. సొరంగానికీ కేంద్రానికీ మధ్య ఉక్కు తలుపుంది. నియమం ఏమిటంటే, బల్ల మీద హాజరు పిలవాలి. లోపల మనిషి ఉన్నట్టు మాట వినపడితే తలుపు మూయకూడదు. వినపడకపోతే, ఎవరికీ అభ్యంతరం లేకపోతే, మూసేయాలి.

ఒకటి నుంచి పిలిచాను. అందరూ “ఉన్నాను, ఉన్నాను” అన్నారు. తొమ్మిది మీట నొక్కాను. దీపం వెలిగింది. మూడు సెకన్లు లెక్కపెట్టాను. మాట రాలేదు. మీట వదిలేసి పదికి వెళ్లాను. అభ్యంతరాలున్నాయా అని అడిగాను. ఎవరూ మాట్లాడలేదు. మా కేంద్రం పెద్ద శేషగిరి గారు తలుపు దింపేశారు.

కేంద్రం బతికింది. మేం పదిమందిమి బతికాం. సాయంత్రం హెడ్డాఫీసు నుంచి కబురొచ్చింది: ఇంత తక్కువ టైములో ఏ కేంద్రమూ తీర్మానం చేయలేదట. నాకు అభినందనలట. మరిడమ్మ అన్నం వడ్డించలేదు. గిన్నెలు బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

రోజు 215. సమావేశం: 8 నిమిషాల 50 సెకన్లు.

వరహాలు గారి కోసం నిమిషం మౌనం పాటించాం. ఆ నిమిషాన్ని సమావేశం లెక్కలో కలపలేదు.

అజెండా: ఆయన డ్యూటీ ఎవరు చేయాలి, ఆయన మంచం గదిని స్టోరుగా వాడొచ్చా. రెండూ తేలిపోయాయి. “అభ్యంతరాలున్నాయా?” అన్నాను.

తొమ్మిదో కుర్చీ ముందు దీపం వెలిగింది.

ఖాళీ కుర్చీ. అందరూ చూశారు. మూడు సెకన్లు ఉండి ఆరిపోయింది. నేను “లేవు, తీర్మానం” అని గంట కొట్టాను. అలవాటు. నోరు దానంతటదే అనేసింది.

రోజు 217. సమావేశం: 9 నిమిషాలు.

వరుసగా మూడో రోజు కూడా వెలిగింది. కరెంటు పని చూసే ఖాదర్ దీపం మార్చాడు. కొత్తదీ వెలిగింది. “గుండీ నీళ్లలో పడి ఉంది కదా మేడమ్, లోపల షార్టయి ఉంటది. బ్యాటరీ అయిపోతే అదే ఆగుద్ది” అన్నాడు.

“ఎన్నాళ్లకి?”

“నెల పట్టుద్ది.”

“మరి అభ్యంతరాలున్నాయా అన్నప్పుడే ఎందుకు వెలుగుతోంది?”

స్క్రూడ్రైవర్‌తో బుర్ర గోక్కున్నాడు.

ఈరోజు అజెండా, వరహాలు గారి కూతురు నీలవేణికి పంపాల్సిన ఉత్తరం. “తీవ్ర విచారంతో” అనాలా, “మిక్కిలి విచారంతో” అనాలా అన్న దగ్గర ఆగింది. ఓటింగు పెట్టి తేల్చాను. అభ్యంతరాలున్నాయా అన్నాను. దీపం వెలిగింది. మూడు సెకన్లు. లేవు, తీర్మానం. ఉత్తరం పైకి వెళ్లిపోయింది.

రోజు 219. సమావేశం: 9 నిమిషాల 30 సెకన్లు.

మరిడమ్మ ఈరోజు తన వంతు వచ్చేదాకా కూడా ఆగలేదు. “ఏటి మేడమ్ ఇది? రోజూ ఆ దీపం ఎలుగుతుంటే రోజూ లేవంటారేటి? ఒక్కపాలి ఆ మీట నొక్కి సూడొచ్చు కదా?”

“మరిడమ్మ గారూ, ఇది అజెండాలో లేదు.”

“మనిషి అజెండాలో ఉంటాడేటి?”

అజెండాలో లేని మాట ఎవరన్నా తెస్తే, గోడకున్న ‘తర్వాత’ బోర్డు మీద రాయడం మా పద్ధతి. ఆ పద్ధతి నేను తెచ్చిందే. మాట అన్నవాళ్ల మనసు నొచ్చుకోదు, సమావేశమూ ఆగదు. చాలా కేంద్రాలు నన్ను చూసి నేర్చుకున్నాయి. పద్నాలుగో వరుసలో ‘తొమ్మిదో దీపం’ అని రాశాను. పైన పదమూడున్నాయి. మొదటిది రాసి నూట తొంభై రోజులైంది. ఇవాళ మొదటిసారి ఆ బోర్డు మొత్తం చదివాను. అందులో ఆరోది వరహాలు గారు తెచ్చింది. ‘నాలుగో సొరంగం పైకప్పు పగులు.’ నా చేతిరాతే.

సమావేశం మాత్రం టైముకే ముగించాను.

రోజు 221. సమావేశం: 8 నిమిషాల 40 సెకన్లు.

ఆ దీపం అందరి ధ్యాసా పాడుచేస్తోందని దాని మీద స్టీలు గ్లాసు బోర్లించాను. అభ్యంతరాలున్నాయా అన్నప్పుడు గ్లాసు అంచు కింద సన్నగా ఎర్రటి గీత కనిపించింది. ఒక్కొక్కరే కుర్చీలు ఆ వైపు నుంచి దూరంగా జరుపుకుంటున్నారు. పదో కుర్చీలో కూర్చునే ఖాదర్ అయితే దాదాపు మరిడమ్మ ఒళ్లో కూర్చున్నట్టు ఉన్నాడు.

అయిపోయాక ఖాదర్ నాతో నడుస్తూ చిన్నగా అన్నాడు. “నేను నీటిమట్టం రికార్డు చూశా మేడమ్. ఆ రోజు తలుపు మూయడానికి పదకొండు నిమిషాల టైముంది. మనం నాలుగులో మూసేశాం.”

“అంటే ఏమిటి నీ ఉద్దేశం?”

“ఉద్దేశం ఏం లేదు. ఏడు నిమిషాలు మిగిలాయని చెప్తున్నా.”

ఏడు నిమిషాలు. ఆయనకు ఆరు సెకన్లు చాలేవి.

రోజు 224. సమావేశం: 8 నిమిషాల 5 సెకన్లు.

మధ్యాహ్నం అందరూ పనుల్లో ఉండగా ఒక్కదాన్నే హాలుకు వెళ్లాను. బల్ల ఆన్ చేశాను. గ్లాసు తీసేశాను. నా కుర్చీలో కూర్చుని, పిచ్చిదానిలా ఖాళీ కుర్చీలకు అజెండా చదివాను. దీపం వెలగలేదు. పంపుల లెక్క చదివాను. వెలగలేదు. “అభ్యంతరాలున్నాయా?” అన్నాను.

వెలిగింది.

“వరహాలు గారూ?” అన్నాను.

దీపం ఆరింది, వెలిగింది, ఆరింది, వెలిగింది. గబగబా, ఆగకుండా. ఎన్నిసార్లో లెక్కపెట్టలేదు. నా వేలు మీట మీదే ఉంది. నొక్కలేదు. లేచి బయటకు పరుగెత్తాను, కుర్చీ తన్నుకుని పడబోయాను కూడా.

ఇది ఆత్మసమీక్ష కాబట్టి నిజమే రాస్తున్నాను. దయ్యమని కాదు నా భయం. నొక్కితే ఆయన మాట వినపడుతుందని భయం. వినపడితే, మొదటి రోజే నొక్కి ఉండాల్సిందని తేలుతుంది. ఇన్ని రోజులూ ఆయన మంచం గురించి, ఆయన చెప్పుల గురించి, ఆయన కూతురికి రాసిన ఉత్తరం గురించి మేం అన్నవన్నీ ఆ గుండీలోంచి ఆయనకు వినపడ్డాయని తేలుతుంది. నేను పిరికిదాన్ని. ఈ మాట ఇదివరకెప్పుడూ రాయలేదు.

రోజు 226. సమావేశం: టైము చూడలేదు.

అజెండాలో ఒక్కటే. నాలుగో సొరంగాన్ని రేపు పొద్దున్నే సిమెంటు గుజ్జుతో నింపేయాలి. హెడ్డాఫీసు ఆర్డరు. నింపితే ఐదో సొరంగం తవ్వకం మొదలుపెట్టొచ్చు. శేషగిరి గారు చదివారు. చేతులెత్తమంటే ఎనిమిది లేచాయి. మరిడమ్మ చేతులు కట్టుకుని కూర్చుంది. నేను ఎత్తలేదు, నడిపేవాళ్లకు ఓటు లేదు.

“అభ్యంతరాలున్నాయా?”

దీపం వెలిగింది. గ్లాసు మళ్లీ పెట్టలేదు కాబట్టి అందరికీ కనిపించింది. ఒకటి. రెండు. మరిడమ్మ నన్నే చూస్తోంది. తిట్టినా బాగుండేది. ఉత్తినే చూస్తోంది, అంతే.

మూడు అనలేకపోయాను. మీట నొక్కాను.

నా వేలు పూర్తిగా దిగకముందే బల్లలోంచి మాట వచ్చింది.

“ఉన్నాను.”

ఎవరో కెవ్వుమన్నారు. శేషగిరి గారి చేతిలో కాగితాలు జారిపోయాయి. “వరాలన్నా!” అని మరిడమ్మ బల్ల మీద పడి అరిచింది. “అన్నా, ఎక్కడున్నావు? ఎలగున్నావు?”

“సొరంగం కొస. పైన గాలుంది. గొట్టంలోంచి వస్తాంది. నీళ్లు మంచివే. బిస్కట్లు అయిపోనాయి.” ఒక్క క్షణం కూడా ఆగలేదు ఆయన. మళ్లీ అన్నారు: “ఉన్నాను.”

నేను ఏడుస్తున్నానని నాకు తర్వాత తెలిసింది. ఖాదర్ అప్పటికే పంపుల గదికి పరుగెత్తాడు.

రోజు 228. సమావేశం లేదు.

మూడు పంపులూ ఒకేసారి పెట్టి నీరంతా సముద్రంలోకి తోడాం. ఊళ్లకు నీళ్లు ఆగిపోయాయని హెడ్డాఫీసు నుంచి పది కబుర్లొచ్చాయి. శేషగిరి గారు ఒక్కదానికీ జవాబివ్వలేదు. ఆయన్ని అంత మొండిగా నేను ఎన్నడూ చూడలేదు. ఇవాళ మధ్యాహ్నం తలుపు లేపారు.

వరహాలు గారిని ఖాదర్ వీపు మీద మోసుకొచ్చాడు. చేతులూ కాళ్లూ తెల్లగా నానిపోయి ఉన్నాయి. గడ్డం పెరిగింది. బతికున్నారు. గుండీ మెడ దగ్గర అలాగే ఉంది. నేను దగ్గరకు వెళ్లి చేతులు పట్టుకుని, “క్షమించండి” అన్నాను. నా మాట పూర్తి కాకముందే, “పర్లేదు మేడమ్” అన్నారు.

నీలవేణికి రెండో ఉత్తరం పంపాం. దానికి సమావేశం పెట్టలేదు. మరిడమ్మ చెప్పింది, నేను రాశాను. “మీ నాయిన ఉన్నాడమ్మా” అని ఒకటే వాక్యం.

రోజు 233. సమావేశం: 31 నిమిషాలు.

మూడు సెకన్ల నియమం తీసేశాను. గంట మరిడమ్మకిచ్చేశాను, ఏం చేసుకుంటుందో దాని ఇష్టం. ‘తర్వాత’ బోర్డు మొదటి వరుస నుంచి మొదలుపెట్టాం. హెడ్డాఫీసు నుంచి హెచ్చరిక వచ్చింది. రానీ. ఎవరికి ఎంత సేపు కావాలంటే అంత సేపు తీసుకుంటున్నారు. ఉప్పుచేప కూర మీద కూడా మాట్లాడారు. నాకు చిరాకేసింది, సంతోషంగానూ ఉంది.

వరహాలు గారు వచ్చి తొమ్మిదో కుర్చీలో కూర్చున్నారు. ఆయన కోసమే ఇదంతా. కానీ ఆయనకు ఇప్పుడు టైము అక్కర్లేదు. అడగడం పూర్తి కాకముందే జవాబు వచ్చేస్తోంది. “ఐదో సొరంగం...” అని శేషగిరి గారు నోరు తెరిస్తే “అభ్యంతరం నేదు” అన్నారు. “మీ డ్యూటీ...” అంటే “సేస్తాను.” దీపం వెలిగేలోపే మాట వచ్చేస్తోంది. ఖాదర్ బల్ల పాడైందేమోనని చూశాడు. బల్ల బాగానే ఉంది. ఆయన ఊపిరే తీసుకోవట్లేదు, మాటకు ముందు.

వంటగదిలో మరిడమ్మ ఏడుస్తోంది. “గంజి తాగుతావా అన్నా అని అడగబోతే, గం అనీసరికి తాగుతానన్నాడు మేడమ్. మా వరాలన్న కాడు. అలగ ఎప్పుడూ మాటాడనేదు. నాకు బయ్యిమేస్తంది.”

ఊరికే కంగారు పడకు, నాలుగు రోజులు పోతే సర్దుకుంటుంది అన్నాను. నాకూ భయంగానే ఉంది.

రోజు 236. సమావేశం: 40 నిమిషాలు.

హెడ్డాఫీసు నెల నివేదిక వచ్చింది. కేంద్రం మొత్తం వెనకబడింది, ఒక్క తొమ్మిదో కుర్చీ తప్ప. అన్ని కేంద్రాల్లోకీ అతి వేగంగా స్పందించే ఉద్యోగి ఆయనేనట. ఆయనకు శిక్షణ ఎవరిచ్చారో, ఎలా ఇచ్చారో వివరంగా రాసి పంపమన్నారు.

కాగితం పట్టుకుని ఆయన దగ్గరకు వెళ్లాను. భోజనాల హాల్లో ఒక్కరే కూర్చుని వల అల్లుతున్నారు. ఎదురుగా కూర్చున్నాను. ఎలా అడగాలో తెలియక చాలాసేపు ఊరుకున్నాను. ఈసారి మాట దారి వెతుక్కున్నది నాకే. చివరికి, “ఆ పద్నాలుగు రోజులూ లోపల...” అన్నాను.

“ప్రాక్టీసు సేసినాను మేడమ్.”

వల అల్లడం ఆపలేదు. నా వైపు చూడలేదు. కోపం లేదు గొంతులో. కోపం ఉంటే తట్టుకునేదాన్ని.

“ఆ రోజు మీరు పిలిసినప్పుడు నోట్లోనే ఉంది మాట. రానేదు. తలుపడిపోనాది. మల్లీ పిలుస్తారు కదా అని, సీకట్లో రోజల్లా అదే పని. మీరు పిలిసినట్టు అనుకోడం, ఉన్నాను అనడం. మొదట ఆరు పట్టింది. తర్వాత నాలుగు. తర్వాత రెండు.”

“వరహాలు గారూ...”

“ఒక మద్దేనం మీరొక్కరే కూకుని, నా పేరెట్టి పిలిసినారు సూడండి. అప్పటికి ఒకటికి తెచ్చీసినాను. పదకొండు సార్లు సెప్పినాను మేడమ్, ఉన్నానని. మీరు ఎల్లిపోనారు.”